హ్రస్వ తరంగ గ్రాహకము: తీగచుట్టనుండి గణనము వరకు

వంశధార ఒడ్డుననున్న శ్రీముఖలింగమునకు రేడియో దూరమునుండియే వచ్చినది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లోను, విశాఖపట్నము కేంద్రము 1963లోను ఆరంభమైనవి. సముద్రమునకు ఆవల నున్న సిలోను ప్రసారములను ఈ తీరమునకు చేర్చినవి హ్రస్వ తరంగములు. 3 నుండి 30 మెగాహెర్ట్‌జ్‌ల మధ్యనుండు ఈ తరంగములు అయనావరణములో వంగి, తిరిగి భూమిని చేరును.

పక్కపక్కనున్న కేంద్రములను వేరుచేయుటయే గ్రాహకమునకు పరీక్ష. 1918లో ఆర్మ్‌స్ట్రాంగు కనుగొనిన సూపర్‌హెటిరోడైన్ పద్ధతి, కోరిన కేంద్రమును ఒక స్థిర పౌనఃపున్యమునకు మార్చి, తీగచుట్టలతో వడగట్టెను. 1990 దశాబ్ది ఆరంభమున జోసెఫ్ మిటోలా ప్రచారములోనికి తెచ్చిన సాఫ్ట్‌వేర్ రేడియో, తరంగమును అంకెలుగా మార్చి, గణనముచే వడగట్టును. 2012 నుండి టెలివిజన్ కొరకు చేసిన చౌక పరికరములును ఇందుకు వాడుకలోనికి వచ్చినవి.

అయితే చౌక యొక్కటే చాలదు. వీని ట్యూనరు సాధారణముగా 24 మెగాహెర్ట్‌జ్‌లకు దిగువ పనిచేయదు. పైగా 8 బిట్లతో తరంగమును కొలుచుటకు మెట్లు 256 మాత్రమే. బలమైన కేంద్రము వానినన్నిటిని ఆక్రమించినచో, బలహీన కేంద్రము ఒక మెట్టునకైనను చాలక మరుగుపడవచ్చును. 14 బిట్లకు మెట్లు 16,384. కనుక గ్రాహకమును ఎన్నుకొనువారు మెట్లెన్నియో, ఏరియల్ వద్ద వడపోత కలదో లేదో ముందు విచారింపవలెను. దూరపు సన్నని స్వరము దక్కుట వీనిపై ఆధారపడియున్నది.