తడిసిన తివాచీని ఆరబెట్టడం

నీటి గొట్టం పగలడం, గీజరు లేదా వాషింగ్ మెషీన్ కారడం, ఏ.సి. నీరు బయటకు పోయే గొట్టం పూడుకుపోవడం వంటి కారణాల వలన ఇంటిలోని తివాచీ తడిసిపోయినప్పుడు, దానిలోని నీటిని తొలగించి తిరిగి వాడుకకు తీసుకువచ్చే పనిని తివాచీని ఆరబెట్టడం అంటారు. ఈ పనిలో కాలం చాలా ముఖ్యమైనది. తడిసిన వస్తువులను 24 నుండి 48 గంటల లోపు ఆరబెట్టగలిగితే చాలా సందర్భాలలో బూజు పట్టదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తున్నది. అయితే పైభాగం చేతికి పొడిగా తగిలినంత మాత్రాన తివాచీ ఆరినట్లు కాదు. చాలా వరకు నీరు కంటికి కనిపించని అడుగు పొరలలో నిలిచి ఉంటుంది.

నీరు నిలిచే చోట్లు

అమెరికా వంటి దేశాలలో చాలా ఇళ్ళలో గది అంతటా, గోడ నుండి గోడ వరకు బిగించిన తివాచీలు ఉంటాయి. వీటిలో పైన నూలు పోగులు, వాటి కింద రబ్బరు జిగురుతో అతికించిన అడుగు వస్త్రం, దాని కింద మెత్తని ఫోమ్ పొర, అన్నిటికంటే కింద చెక్క లేదా కాంక్రీటు నేల ఉంటాయి. ఫోమ్ పొర స్పంజి వలె నీటిని పీల్చుకుంటుంది. పైనుండి గాలి తగిలినా ఈ పొర త్వరగా ఆరదు.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఎక్కువగా విడిగా పరచుకునే తివాచీలు, జంపఖానాలు వాడుకలో ఉన్నాయి. ఏలూరు ఉన్ని తివాచీలు, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు ఈ కోవకు చెందినవి. వీటిని ఎత్తి బయటకు తీసుకుపోవచ్చును కనుక ఆరబెట్టడం సులభం. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం వరకు తేమను పీల్చుకున్నా చేతికి తడిగా అనిపించదు.

నీటి రకాలు

తివాచీని ఆరబెట్టాలా, పారవేయాలా అన్నది నీరు ఎక్కడి నుండి వచ్చింది అనేదానిపై ఆధారపడి ఉంటుంది. శుభ్రపరిచే వృత్తులకు ప్రమాణాలను రూపొందించే ఐ.ఐ.సి.ఆర్.సి. అనే సంస్థ తన ఎస్500 ప్రమాణంలో నీటిని మూడు వర్గాలుగా విభజించింది.

* మొదటి వర్గం: మంచినీటి గొట్టం నుండి వచ్చిన శుభ్రమైన నీరు.
* రెండవ వర్గం: వాషింగ్ మెషీన్ వంటి వాటి నుండి వచ్చిన, కొంత కలుషితమైన వాడుక నీరు.
* మూడవ వర్గం: మురుగు నీరు, వరద నీరు.

శుభ్రమైన నీరు కూడా ఎక్కువ సమయం నిలిచి ఉంటే సూక్ష్మజీవులు పెరిగి కలుషితమవుతుంది. మురుగు నీటిలో తడిసిన గది తివాచీని, ఫోమ్ పొరను ఆరబెట్టి తిరిగి వాడకూడదు. వాటిని తొలగించడమే సురక్షితం.

ఆరబెట్టే విధానం

# ముందుగా విద్యుత్ సరఫరాను నిలిపివేయాలి. మెయిన్ స్విచ్చి తడి గదిలోనే ఉన్నట్లయితే దానిని తాకకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. తరువాత నీరు కారుతున్న చోట కట్టడి చేయాలి.
# తివాచీపై ఉన్న బల్లలు, కుర్చీలు తీసివేయాలి. చెక్క రంగు, ఇనుప తుప్పు తడి తివాచీకి అంటుకుంటే పోవడం కష్టం.
# నీటిని పీల్చగల తడి-పొడి వాక్యూమ్ క్లీనరుతో వీలైనంత నీటిని తీసివేయాలి. సాధారణ వాక్యూమ్ క్లీనరును వాడితే విద్యుదాఘాతం కలిగే ప్రమాదం ఉన్నది.
# బిగించిన తివాచీ అయితే ఒక మూల నుండి ఎత్తి, తడిసిన ఫోమ్ పొరను కోసి తీసివేయాలి. సాధారణంగా దానిని ఆరబెట్టడం కంటే కొత్తది వేయడమే మేలు.
# తివాచీకి రెండు వైపులా, నేలకు కూడా ఫ్యాన్లతో గాలి తగిలేటట్లు చేయాలి.
# గాలిలోని తేమను తీసివేసే యంత్రాన్ని (డీహ్యూమిడిఫయర్) వాడేటప్పుడు తలుపులు, కిటికీలు మూసి ఉంచాలి.

నీటిని పీల్చివేయడం ఆవిరి చేయడం కంటే ఎంతో తేలిక. ఉదాహరణకు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల గదిలో 5 మిల్లీమీటర్ల మేర నీరు నిలిస్తే అది 60 లీటర్లు అవుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,450 కిలోజౌళ్ళ శక్తి కావాలి. అంటే 60 లీటర్లకు దాదాపు 41 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి అవసరం. అందువలననే ఫ్యాన్లు పెట్టడానికి ముందే నీటిని పూర్తిగా లాగివేయాలి.

వాతావరణ ప్రభావం

ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములను మాత్రమే ఇముడ్చుకోగలదు. వేసవిలో తెలంగాణ వంటి పొడి ప్రాంతాలలో కిటికీలు తెరిస్తే తివాచీ త్వరగా ఆరుతుంది. వర్షాకాలంలోను, కోస్తా ప్రాంతాలలోను బయటి గాలి తేమగా ఉంటుంది కనుక కిటికీలు తెరవడం వలన ప్రయోజనం తక్కువ. ఇంటిలో సాపేక్ష ఆర్ద్రత 60 శాతానికి మించకుండా చూడడం మంచిది.

తివాచీ రకాన్ని బట్టి జాగ్రత్తలు

నైలాన్, పాలిప్రొపిలీన్ పోగులు నీటిని తక్కువగా పీల్చుకుంటాయి. నూలు జంపఖానాలు కుదించుకుపోవచ్చును, వాటి రంగులు కారవచ్చును. ఉన్ని తివాచీలను ఎక్కువ వేడికి గురిచేయకూడదు. జనపనార అడుగు గల తివాచీలు ఆలస్యంగా ఆరితే పైన గోధుమరంగు మరకలు ఏర్పడతాయి. ఎక్కువ సమయం నానితే అడుగు జిగురు వదిలి పొరలు విడిపోతాయి.

ఆరినట్లు నిర్ధారించుకోవడం

తేమను కొలిచే మీటరుతో తివాచీని, నేలను, గోడల అడుగు భాగాన్ని పరీక్షించవచ్చును. మీటరు లేనప్పుడు కాంక్రీటు నేలపై ఒక ప్లాస్టిక్ కాగితాన్ని పరచి, నాలుగు అంచులను టేపుతో మూసి మరునాడు చూడాలి. కాగితం అడుగున నీటి బిందువులు కనిపిస్తే నేలలో ఇంకా తేమ ఉన్నట్లే. నేల ఆరకముందే తివాచీని తిరిగి బిగిస్తే అడుగున బూజు పెరుగుతుంది. ముక్క వాసన దీనికి ఒక ముఖ్యమైన గుర్తు. బూజు వలన ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి ఇబ్బందులు ఎక్కువవుతాయి. రెండు రోజులకు పైగా నానిన తివాచీ, బూజు పట్టిన తివాచీ ఎంత ఖరీదైనదైనా దానిని ఉంచుకునే ముందు నిపుణులకు చూపించాలి.

ఇవి కూడా చూడండి

* తివాచీ
* బూజు
* ఆర్ద్రత
* బాష్పీభవనం