పరికిణీ

పరికిణీ తెలుగువారి ఆడపిల్లలు నడుము నుండి చీలమండల వరకు ధరించే కుచ్చుల దుస్తు. దీనిని పావడా అని, లంగా అని కూడా అంటారు. దీనిపై జాకెట్టు తొడుగుతారు. యుక్తవయసు వచ్చిన పిల్లలు దీనికి ఓణీ చేర్చి ధరిస్తే లంగా-ఓణీ అవుతుంది. తమిళనాడులోని పావాడై, కేరళలోని పట్టుపావాడ ఇటువంటివే. పరికిణీలు దుకాణాలలో తయారుగా దొరుకుతున్నప్పటికీ, చిన్నపిల్లలకు ఇంట్లో కుట్టే అలవాటు ఇంకా ఉంది. ఏటా పొడవు పెరిగే పిల్లకు ఒకే బట్ట రెండు మూడేళ్ళు సరిపోయేలా కుట్టడం ఈ పనిలోని ప్రధానమైన నేర్పు.

వాడుక

సంక్రాంతి గొబ్బెమ్మలు, బతుకమ్మ, అక్షరాభ్యాసం, పెళ్ళిళ్ళు వంటి సందర్భాలలో చిన్నపిల్లలకు పట్టు పరికిణీ వేస్తారు. విదేశాలలోని తెలుగు కుటుంబాలలోనూ పండుగలకు ఇది కనిపిస్తుంది. ఒకప్పుడు నూలు లేదా చీటి గుడ్డతో కుట్టిన పరికిణీలు ఇంట్లోను, బడికి వెళ్ళేటప్పుడు కూడా రోజువారీ దుస్తులుగా ఉండేవి. తరువాతి కాలంలో గౌనులు, పంజాబీ డ్రెస్సులు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

బట్ట ఎంపిక

రోజువారీ వాడకానికి మెత్తని నూలు బట్ట, పండుగలకు పట్టు వాడతారు. మంగళగిరి, గద్వాల, నారాయణపేట, ధర్మవరం, పోచంపల్లి నేతలు ఇందుకు ప్రసిద్ధమైనవి. నూలు బట్టను కత్తిరించే ముందు నీటిలో నానబెట్టి ఆరవేయాలి. లేనిచో కుట్టిన తరువాత ఉతుకులో కుంచించుకుపోతుంది.

తల్లి లేదా అమ్మమ్మ పాత పట్టుచీరను పరికిణీగా మార్చడం చాలా కుటుంబాలలో ఉన్న ఆచారం. పెట్టెలో ఏళ్ళ తరబడి ఉన్న పట్టుచీర సాధారణంగా మడతల వెంటే చీలుతుంది. కాబట్టి చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి, పోగులు పలచబడిన చోట్లను గుర్తించి, వాటిని వదిలి కత్తిరించాలి. చీర అంచు పరికిణీకి అడుగున వచ్చేలా బట్టను తీసుకుంటారు. రెండవ అంచు జాకెట్టు చేతులకు పనికివస్తుంది.

కొలతలు

నడుము చుట్టుకొలత, నడుము నుండి చీలమండ వరకు పొడవు ప్రధానమైన కొలతలు. కుచ్చుల కోసం బట్ట వెడల్పు నడుము కొలతకు రెండున్నర నుండి మూడు రెట్లు ఉండాలి. ఉదాహరణకు నడుము 52 సెం.మీ., కావలసిన పొడవు 58 సెం.మీ. ఉన్న పిల్లకు ఈ లెక్క ఇలా ఉంటుంది:

* వెడల్పు: 130 నుండి 156 సెం.మీ.
* పొడవు: 58 సెం.మీ.
* అడుగు మడతకు: 4 సెం.మీ.
* పెరుగుదల కోసం వేసే రెండు మడతలకు: 8 సెం.మీ.
* పై కుట్టుకు: 2 సెం.మీ.
* మొత్తం పొడవు: 72 సెం.మీ.

నేత అంచును అడుగున ఉంచినపుడు అడుగు మడత అవసరం లేదు.

పెరుగుదల మడతలు

మూడేళ్ళు దాటిన తరువాత యౌవనారంభం వరకు పిల్లలు సాధారణంగా ఏటా 5 నుండి 7 సెం.మీ. ఎత్తు పెరుగుతారు. ఇందులో ఎక్కువ భాగం కాళ్ళలోనే ఉంటుంది. అందువలన అంచుకు కొంచెం పైన అడ్డంగా మడతలు వేసి కుడతారు. 2 సెం.మీ. లోతున్న ఒక మడతలో 4 సెం.మీ. బట్ట ఇముడుతుంది. దానిని విప్పితే సుమారు ఒక ఏడాది పెరుగుదలకు సరిపోతుంది.

ఈ మడతలను చేతితో, పొడుగు కుట్లతో వేయడం మంచిది. మిషను కుట్టు విప్పినపుడు పట్టుపై సూది రంధ్రాలు మిగులుతాయి. మడత లోపలి బట్టకు ఎండ తగలదు కనుక విప్పిన చోట రంగు ముదురు గీతగా కనిపిస్తుంది. ఆ గీతపై జరీ పట్టీ లేదా లేసు కుట్టి కప్పుతారు.

బాడీ జతచేయడం

చిన్నపిల్లలకు పొట్ట ముందుకు ఉండి నడుము సన్నగా ఉండదు. నాడాతో కట్టిన పరికిణీ జారిపోతుంది. జారకుండా బిగించి కడితే చర్మం ఒరుసుకుపోతుంది. దీనికి పరిష్కారంగా మెత్తని నూలు గుడ్డతో చేతులు లేని బాడీ కుట్టి, దాని అడుగున కుచ్చులను జతచేస్తారు. అప్పుడు పరికిణీ బరువు భుజాలపై పడుతుంది. బాడీ పైన విడిగా జాకెట్టు తొడుగుతారు.

బాడీని ఛాతీ కొలత కంటే సుమారు 8 సెం.మీ. వదులుగా కత్తిరించాలి. పక్క కుట్లలోను, భుజాల కుట్లలోను అదనపు బట్ట వదలాలి. మడతలు విప్పి పరికిణీని పొడవు చేసినా, బాడీ బిగిస్తే అది పనికిరాదు.

కుచ్చుల కోసం బట్ట పై అంచున రెండు వరుసల వదులు కుట్లు వేయాలి. బట్టను, బాడీని నాలుగేసి సమభాగాలుగా గుర్తించి, దారం లాగుతూ కుచ్చులను సమానంగా సర్దాలి. ఆ తరువాతనే గట్టి కుట్టు వేయాలి. దళసరి పట్టుకు ఇలా లాగిన కుచ్చుల కంటే, ఒకే వైపుకు మడిచి ఇస్త్రీ చేసిన కుచ్చులు నప్పుతాయి.

జాగ్రత్తలు

* పరికిణీ నేలను తాకరాదు. మెట్లు ఎక్కేటప్పుడు పిల్లలు అంచు తొక్కి పడిపోతారు. చీలమండకు 3, 4 సెం.మీ. పైన ఉండటం క్షేమం.
* దీపావళి వంటి సందర్భాలలో వదులు పరికిణీకి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. నూలు త్వరగా మండుతుంది. నైలాను, పాలిస్టరు కరిగి చర్మానికి అంటుకుంటాయి. పట్టు నెమ్మదిగా కాలుతుంది, కానీ అదీ కాలేదే. దీపాల దగ్గర పిల్లలను ఒంటరిగా వదలరాదు.
* మూడేళ్ళ లోపు పిల్లల బట్టలకు పూసలు, అద్దాలు, విడివడే గుండీలు కుట్టరాదు. ఊడినవాటిని నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డుపడతాయి.
* మెడ దగ్గర పొడవైన తాళ్ళు ఉండరాదు. పిల్లల పైదుస్తుల తాళ్ళు ఆట పరికరాలకు, వాహనాల తలుపులకు చిక్కుకుని మరణాలు సంభవించడంతో 1996లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ వీటిపై మార్గదర్శకాలు ఇచ్చింది.
* జరీ చర్మాన్ని గీరకుండా లోపల నూలు అస్తరు వేయాలి.

మిగిలిన బట్ట

కత్తిరించగా మిగిలిన ముక్కలతో జడ రిబ్బనులు, చిన్న చేతిసంచి, బొమ్మల కొలువులోని బొమ్మకు పరికిణీ కుడతారు. కొంత ముక్కను మాసికల కోసం దాచి ఉంచుతారు. పరికిణీని ఉతికినప్పుడల్లా ఆ ముక్కనూ ఉతికితే రెండింటి రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. విప్పడానికి మడతలు మిగలని పరికిణీని ఇంట్లోని చిన్నపిల్లకు ఇస్తారు. అప్పుడు విప్పిన మడతలనే తిరిగి వేసి కుడతారు.

ఇవి కూడా చూడండి

* లంగా-ఓణీ
* చీర
* జరీ
* కుట్టు యంత్రం