స్లీవా, బైపాసా? వదిన గారి ప్రశ్నకు డెబ్బై ఏళ్ల చరిత్ర



ఈసారి బరంపురం పాత వీధుల గురించో, ఠాకురాణి యాత్ర గురించో రాస్తామని ఎదురుచూస్తున్నవారు మన్నించాలి. ఈసారి కడుపు చరిత్ర రాస్తున్నాం. కారణం మన సంఘంలోనే ఉన్న ఒక వదిన గారు.

కార్తీక వనభోజనాల రోజు. పులిహోర వడ్డిస్తుంటే ఆవిడ వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. "ఈ ఒక్క గరిటెకే లావైపోతావా ఏమిటి!" అన్నారెవరో. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. భోజనాలయ్యాక ఆవిడ మమ్మల్ని పక్కకు పిలిచి, సంచిలోంచి రెండు కాగితాలు తీశారు. బరువు తగ్గే ఆపరేషన్‌కి రెండు ఊళ్ల ఆస్పత్రులు ఇచ్చిన ఖర్చు అంచనాలు. ఒకదానిలో స్లీవ్ అని ఉంది, రెండోదానిలో మినీ బైపాస్ అని ఉంది. "మీరు చరిత్రలూ అవీ చదువుతారు కదా, ఏది మంచిదో చూసి చెప్పండి. మా అబ్బాయి ఖర్చు తక్కువైనది చేయించుకోమంటున్నాడు" అన్నారు.

అప్పుడు మా నవ్వు మాకే గుచ్చుకుంది.

మేము డాక్టర్లం కాము. ఏది చేయించుకోవాలో చెప్పే అర్హత మాకు లేదు. కానీ ఈ ఆపరేషన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఒకదాని తరవాత ఇంకొకటి ఎందుకు పుట్టిందో చదివి చెప్పగలం. చదివాక మాకు అర్థమైనది ఒకటే: ఈ ఆపరేషన్లలో చాలావాటిని అంతకు ముందు ఆపరేషన్ తెచ్చిన కష్టం పుట్టించింది. కాబట్టి ఎన్ని కిలోలు తగ్గుతామన్నది రెండో ప్రశ్న. తరవాత జీవితమంతా ఏ కష్టాన్ని మోయగలం అన్నది మొదటి ప్రశ్న.

ముందుగా మన ఊరి సంగతి. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలో ఉండేది. ఈ గడ్డ 1866లో ఒడిశాను తుడిచిపెట్టిన 'నా అంక' కరువు చూసింది, 1888-89లో మళ్లీ కరువు చూసింది. అలాంటి చోట "పిల్లాడు ఒళ్లు చేశాడు" అంటే దీవెన. మన నాయనమ్మలు బొద్దుగా ఉన్న కోడలిని చూసి మురిసిపోయారంటే అందులో తప్పేమీ లేదు. వాళ్లకు భయం ఆకలి గురించి. తిండి ఎక్కువై వచ్చే జబ్బుల గురించి వాళ్లకు ఎవరు చెప్పారు గనక?

ఇంకో సంగతి. మనం పైకి సన్నగా కనిపించినా లోపల కొవ్వు ఎక్కువ. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి ఈ మాట లోకానికి చెప్పారు. ఎత్తును బట్టి బరువు లెక్కగట్టే బీఎంఐ ఇద్దరిదీ 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. అందుకే మనకు హద్దులు కిందికి దింపారు. అమెరికాలో 1991లో పెట్టిన నియమం ప్రకారం బీఎంఐ 40 దాటితేనో, జబ్బులు తోడుంటే 35 దాటితేనో ఆపరేషన్. 2022లో ప్రపంచ స్థాయి సంఘాలు ఆ హద్దును 35కి, షుగర్ లాంటివి ఉంటే 30కి తగ్గించాయి. ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. వదిన గారి ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. లెక్కేస్తే 40.8. పాత నియమం ప్రకారం చూసినా ఆవిడకు ఆపరేషన్ అవసరం ఉన్నట్టే. ఇది అందం కోసం చేసే కొవ్వు పీల్చే చికిత్స కాదు, అది వేరు.

ఇక అసలు కథ 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలవుతుంది. క్రెమెన్, లిన్నర్ అనే సర్జన్లు చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించి, మొదటి ముక్కను చివరి ముక్కతో కలిపే పద్ధతిని ప్రకటించారు. మనిషి చిన్నపేగు సుమారు 20 అడుగులు. 1960ల చివరికి ఈ పద్ధతిలో మొదట్లో 14 అంగుళాలు, చివర్లో 4 అంగుళాలు మాత్రమే తిండి దారిలో మిగిల్చేవారు. తిన్నది ఒంటికి పట్టదు, బరువు తగ్గుతుంది. తగ్గింది కూడా. దానితో పాటే ఆగని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, కీళ్ల నొప్పులు, కొందరికి కాలేయమే పాడైపోవడం వచ్చాయి. 1980 ప్రాంతానికి ఆ ఆపరేషన్ దాదాపు ఆగిపోయింది. చేయించుకున్నవారిలో చాలామందికి పేగు మళ్లీ విప్పి కలపాల్సి వచ్చింది.

ఇది చదువుతుంటే మాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. భీమవరంలో పుట్టిన ఆ మహానుభావుడు తన ఇద్దరు సోదరులను స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్నారు. తిన్నది పేగు పీల్చుకోని ఆ జబ్బును మన పెద్దలు సంగ్రహణి అనేవారు. తరవాత అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీల్లో ఆయన నాయకత్వంలోనే 1940ల్లో ఫోలిక్ యాసిడ్ కృత్రిమంగా తయారై, ఆ జబ్బుకు మందు దొరికింది. చరిత్ర ఎంత చిత్రమో చూడండి. ఒక తెలుగువాడు ఏ జబ్బుకు మందు కోసం జీవితం ధారపోశాడో, ఆయన పోయిన ఆరేళ్లకు, 1954లో, దాదాపు అదే స్థితిని కత్తితో కావాలని తెచ్చిపెట్టారు. ఈరోజు బైపాస్ చేయించుకున్నవారికి డాక్టర్లు రాసే విటమిన్ల చీటీలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది.

రెండో అడుగు వేసింది అయోవా విశ్వవిద్యాలయంలోని ఎడ్వర్డ్ మేసన్. పుండ్ల కోసం జీర్ణాశయంలో కొంత తీసేసిన ఆడవాళ్లు తరవాత ఒళ్లు చేయడం లేదని గమనించి, పేగును అంతగా ముట్టుకోకుండా కడుపునే చిన్నది చేద్దామనుకున్నారు. 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలైంది. పైన చిన్న సంచి మిగిల్చి, దానికి పేగును పైకి లాగి ఒకచోట కలిపేవారు. దానితో పైత్యరసం ఎగదన్నే బాధ వచ్చింది. 1977లో గ్రిఫెన్ అనే సర్జన్ పేగును 'వై' ఆకారంలో రెండుచోట్ల కలిపి పైత్యాన్ని కిందికి మళ్లించారు. ఆ 'వై' కూడా కొత్తది కాదు. స్విట్జర్లాండ్‌లో సెసార్ రూ అనే సర్జన్ 1890ల్లో వేరే అవసరానికి కనిపెట్టింది. అందుకే దాన్ని రూ-ఆన్-వై బైపాస్ అంటారు. 1994 నాటికి పొట్ట కోయకుండా, చిన్న రంధ్రాలతోనే ఇది చేయవచ్చని విట్‌గ్రోవ్, క్లార్క్ చూపించారు.

మధ్యలో బ్యాండ్ వచ్చింది. కడుపు పైభాగానికి బిగించే సిలికాన్ పట్టీ. ఏదీ కోయనక్కర్లేదు, కావాలంటే తీసేయవచ్చు అనేసరికి జనం ఎగబడ్డారు. అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. కొన్నేళ్లకు పట్టీలు జారడం, కడుపు గోడలోకి దిగడం, బరువు తిరిగి రావడం చూసి చాలామందికి మళ్లీ తీయాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరూ పెద్దగా వేయడం లేదు.

స్లీవ్ పుట్టుక ఇంకా విచిత్రం. అది మొదట అసలు ఆపరేషనే కాదు, ఒక పెద్ద ఆపరేషన్‌లో సగం. ఇటలీలోని జెనోవాలో స్కోపినారో 1979లో ప్రకటించిన పేగు మళ్లింపు పద్ధతి తరవాత డ్యూయోడినల్ స్విచ్‌గా మారింది. మరీ భారీ శరీరాలు అంతసేపు మత్తు తట్టుకోలేవని 2000 ప్రాంతంలో న్యూయార్క్‌లో మిషెల్ గానియే బృందం పనిని రెండు విడతలు చేసింది. మొదటి విడతలో కడుపును నిలువునా కోసి, అరటికాయంత గొట్టం మిగిల్చి, మిగతా 75-80 శాతం తీసేస్తారు. రెండో విడతకు రమ్మంటే కొందరికి ఆ అవసరమే లేకపోయింది. మొదటి విడతకే కావలసినంత తగ్గారు. అలా సగం పని పూర్తి పనైంది. పేగు జోలికి పోదు, తేలిక, అందుకే మన దేశంలోనూ ఇదే ఎక్కువ. కానీ కోసి తీసేసిన కడుపు తిరిగి రాదు.

మినీ బైపాస్‌ని రట్లెడ్జ్ అనే అమెరికా సర్జన్ 1997లో మొదలుపెట్టారు. సంచిని పొడుగ్గా చేసి, 'వై' లేకుండా పేగును ఒక్కచోటే కలుపుతారు. సమయం తక్కువ, బరువు బాగా తగ్గుతుంది. కాకపోతే మేసన్ రోజుల నాటి పైత్యం ప్రశ్న కొంత తిరిగొచ్చింది. ఫ్రాన్స్‌లో ఈ రెండు బైపాస్‌లనూ పోల్చి 2019లో ప్రకటించిన ఫలితాల్లో బరువు తగ్గడంలో మినీ వెనకబడలేదు. పోషకాలు అందని సమస్యలు మాత్రం అందులోనే ఎక్కువ కనిపించాయి.

మరి స్లీవా, బైపాసా? ఫిన్లాండ్‌లో 2008-2010 మధ్య 240 మందికి చీటీలు వేసినట్టు చెరో ఆపరేషన్ చేసి, పదేళ్లు వెంట ఉండి చూశారు. అదనపు బరువులో స్లీవ్ వాళ్లకు 43.5 శాతం, బైపాస్ వాళ్లకు 50.7 శాతం తగ్గింది. అంటే తేడా ఉంది, భూమ్యాకాశాలంత కాదు. షుగర్ విషయంలో బైపాస్ కొంచెం ముందున్నా, గట్టిగా తేల్చి చెప్పేంత తేడా లేదు. అసలు తేడా ఇంకోచోట ఉంది. పదేళ్లలో ఆమ్లం ఎగదన్ని అన్నవాహిక పుండైనవారు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం.

ఈ అంకె చదివి వినిపించగానే వదిన గారు, "రాత్రిళ్లు నాకు ఛాతీ మంట, నోట్లోకి పులుపు. రెండు తలగడలు లేకుండా పడుకోలేను" అన్నారు. స్లీవ్ కాగితం ఇచ్చినచోట ఆ సంగతి ఎవరూ అడగలేదట. ఆవిడా చెప్పలేదట.

అయితే బైపాస్ అని చేతులు దులుపుకోవడానికీ లేదు. బైపాస్ తరవాత బి12, ఇనుము, కాల్షియం బతికినంత కాలం వేసుకోవాలి, ఏటా రక్త పరీక్షలు చేయించుకోవాలి. బెల్లం పాకం, రసగుల్లా తింటే గుండె దడ, చెమట, కళ్లు తిరగడం రావచ్చు. మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కలిపిన చోట పుండు తెస్తాయి, చుట్టా బీడీ కూడా అంతే. ఇక్కడ వదిన గారు ఇంకో నిజం బయటపెట్టారు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని రోజూ అలాంటి మాత్రే వేసుకుంటున్నారు, మూడేళ్లుగా.

ఆ రెండు కాగితాలు మళ్లీ చూశాం. గది అద్దె దగ్గర్నుంచి స్టేప్లర్ దాకా ధర ఉంది. ఆపరేషన్ తరవాతి పదేళ్ల గురించి ఒక్క పంక్తి లేదు. ఖర్చు తక్కువైనది ఏదని అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఆ కాగితాల్లో జవాబు దొరకదు. మాత్రలు, పరీక్షలు, రైలు టిక్కెట్లు కూడా కలిపితేనే అది లెక్క.

రైలు టిక్కెట్లు అని ఊరికే అనలేదు. విశాఖలో 1923లో వైద్య కళాశాల మొదలైనప్పుడు గంజాం కూడా మద్రాసు రాజధానే. పెద్ద జబ్బు చేస్తే విశాఖ వెళ్లడం మనకు రాష్ట్ర సరిహద్దు కంటే పాత అలవాటు. 1962లో మన ఊళ్లోనే మెడికల్ కాలేజీ వచ్చింది. అయినా ఇలాంటి వాటికి చాలామంది అటు సుమారు 275 కిలోమీటర్లు విశాఖకో, ఇటు 170 కిలోమీటర్లు భువనేశ్వర్‌కో పోతున్నారు. ఆపరేషన్‌కి ఒకసారి వెళ్లడం తేలిక. నాలుగో ఏడు, ఏడో ఏడు ఒంట్లో బాగున్నప్పుడు పరీక్షకు వెళ్లడమే కష్టం. అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే బరంపురంలో ఎవరికి చూపించాలి అన్నది ముందే అడిగి రాయించుకోవాలి. బైపాస్ వాళ్లకు పేగు మెలిపడే ప్రమాదం ఏళ్ల తరవాత కూడా ఉంటుంది.

వదిన గారు మొన్న మార్గశిర లక్ష్మివారం పూజ చేసుకుని వచ్చి చెప్పారు. ముందు ఎండోస్కోపీ చేయించుకున్నారు. అన్నవాహిక ఇప్పటికే ఒరిసి ఉందట. చూసిన డాక్టరు గారు స్లీవ్ వద్దన్నారు. పైత్యం సంగతి ఆవిడే అడిగితే, 'వై' బైపాస్ మేలన్నారు. మోకాళ్ల మాత్ర మానేసి, నొప్పికి వేరే దారి చూసుకుంటేనే తేదీ ఇస్తానన్నారట. "ఇరవై రోజులైంది మానేసి. నొప్పి ఉంది. ఓర్చుకుంటున్నా" అన్నారు. అబ్బాయి మొదట గునిసి, ఇప్పుడు మాత్రల ఖర్చు లెక్క తనే రాస్తున్నాడట. సంక్రాంతి వెళ్లాక తేదీ.

ఆవిడకు సరిపోయింది ఇంకొకరికి సరిపోతుందని కాదు. ఛాతీ మంట లేనివారికి, మాత్రలు తప్పక వేసుకోవాల్సినవారికి స్లీవే మంచిది కావచ్చు. అసలు ఆపరేషనే వద్దని మందులతో నెట్టుకొచ్చేవారూ ఉండవచ్చు. మీ డాక్టరు గారికి మీ ఒంటి సంగతి దాచకుండా చెప్పండి, తరవాతి పదేళ్లు ఎలా ఉంటాయో అడగండి. అంతే మేం చెప్పగలిగింది.

మన సంఘం చేయగలిగింది ఇంకొకటుంది. ఏటా పరీక్ష రోజున ఆవిడతో రైలెక్కడానికి మాలో ఒకరు ఎప్పుడూ ఉంటాం. వచ్చే వనభోజనాల్లో ఆవిడ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, గరిటె వెనక్కి తీసుకుందాం. నవ్వకుండా.