పట్వారీ దఫ్తరం, నాన్న ట్రంకు పెట్టె, నా క్లౌడు

మొన్న సంక్రాంతికి పాల్వంచ వెళ్ళినప్పుడు నాన్న మంచం కింద నుంచి పాత ట్రంకు పెట్టె లాగి నా ముందు పెట్టాడు. తాతయ్య కాలం నాటి పహాణీ నకళ్ళు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి నోటరీ కాగితం, నా టెన్త్ మెమో, అందరి ఆధార్లు, ఎల్‌ఐసీ బాండ్లు, అమ్మ బ్యాంకు పుస్తకం... అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఉన్నాయి. "ఇవన్నీ పైన ఎక్కడో దాస్తారంట గదా. ఫోన్ల నుంచి తీస్కోవచ్చంట. నువ్వు చేసేది అదే పని గదరా, పెట్టరాదూ" అన్నాడు.

నిజమే, నేను చేసేది అదే పని. రోజంతా పక్కవాళ్ళ డేటాని ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకి మోసే కూలీని. అయినా నా చెయ్యి వెంటనే ఫోన్ మీదకి పోలేదు. నాన్నకి జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో తెలిసిందేంటంటే, ఈ ప్రశ్న కొత్తదేం కాదు. మన కాగితాలు ఇంకొకళ్ళ ఇంట్లో పెట్టడం మన ఊళ్ళకి ఎప్పటి నుంచో అలవాటే.

ముందు నాన్న వైపు నుంచి చూద్దాం. కాగితానికి మొదటి శత్రువు నీళ్ళు, గోదారి పక్కన బతికేవాళ్ళకి ఆ సంగతి చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీళ్ళు 75.6 అడుగులు వచ్చాయి. మళ్ళీ అంత భయం 2022 జూలైలో, 71.3 అడుగులు. ఆ వరదకి బూర్గంపహాడ్ వైపు ఉండే మా మేనత్త వాళ్ళ ఇంట్లో నడుము లోతు నీళ్ళు. నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి అత్త దండెం మీద కాగితాలు ఆరేసి ఉంది, బట్టలకి పెట్టే క్లిప్పులతో. ఆధార్, రేషన్ కార్డు వారం పది రోజుల్లో మళ్ళీ ప్రింటు తీయించుకున్నారు, ఎందుకంటే వాటి అసలు రూపం ఎక్కడో సర్వర్లో భద్రంగా ఉంది. ఇంటి కొనుగోలు రాయించుకున్న స్టాంపు కాగితం మాత్రం ముద్దయిపోయింది. దానికి ఇంకో కాపీ ఎక్కడా లేదు.

ఎందుకు లేదో మన వైపు వాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళ కోసం చెప్తా. మాది షెడ్యూల్డ్ ఏరియా. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించారు, అదే అందరూ '1/70' అనే చట్టం. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి స్థిరాస్తి బదిలీ చెల్లదు, అమ్మేది ఇంకో గిరిజనేతరుడైనా సరే. గిరిజనుల భూమి గిరిజనులకే మిగలాలని పెట్టిన చట్టం, దాన్ని తప్పు పట్టట్లేదు. కానీ దాని నీడలోనే విద్యుత్ కేంద్రం వచ్చింది, ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటితో పాటు మా నాన్న లాంటి ఉద్యోగులు వేల మంది వచ్చారు, ఇళ్ళు చేతులు మారాయి. ఆ ఇళ్ళలో చాలా వాటికి రిజిస్ట్రేషన్ లేదు. నోటరీ కాగితమో తెల్ల కాగితమో, ఇంకో ఇద్దరు సాక్షుల సంతకాలో, అంతే. చట్టం దగ్గర అంతగా విలువ లేని ఆ కాగితమే ఇంటివాళ్ళకి ప్రాణం.

సరే, ఇప్పుడు రెండో వైపు. క్లౌడు అంటే ఏంటి? మా ఆఫీసులో ఒక పాత జోకు ఉంది: క్లౌడు అంటే పక్కవాడి కంప్యూటరు. మన ఊళ్ళలో అది పక్కవాడి ఇల్లు. ఆ పక్కవాడి పేరు పట్వారీ.

నైజాం ఇలాకాలో ఊరికి మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉండేవాళ్ళు. శిస్తు వసూలు మాలీ పటేలుది, తగాదాలు పోలీసు పటేలువి, లెక్కలు పట్వారీవి. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవడు దున్నుతున్నాడు, ఏం పంట వేశాడు, ఎంత శిస్తు కట్టాలి... మొత్తం ఊరి డేటాబేసు ఒక గుడ్డలో మూట గట్టి పట్వారీ ఇంట్లో ఉండేది. దాన్నే దఫ్తరం అనేవాళ్ళు. గోదారికి అవతలి ఒడ్డు కథ వేరు. భద్రాచలం 1860 నుంచి బ్రిటిషు వాళ్ళ చేతిలో ఉంది, 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. పాల్వంచేమో 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడే దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఇటు పట్వారీ, పహాణీ. అటు కరణం, అడంగల్. ఒకే నది, రెండు ఫార్మాట్లు. ఇప్పుడు మనం రెండు సిస్టమ్స్‌ని కలపలేక తల పట్టుకుంటాం గానీ, ఈ తంటా అప్పటి నుంచీ ఉంది :)

దఫ్తరంలో సౌకర్యం లేదా అంటే ఉంది. ఊళ్ళోనే ఉంటుంది, అడిగితే నోటితోనే చెప్తాడు. కానీ రాసేది ఆయనే, చదివేది ఆయనే, దిద్దేది ఆయనే. నైజాం కాలంలో సేత్వార్ల లాంటి రికార్డులు ఉర్దూలో ఉండేవి. తన భూమి గురించి ఏం రాసి ఉందో రైతుకి తెలిసే దారి లేదు. మన భాషలో చెప్పాలంటే ఒకే అడ్మిను, లాగ్ లేదు, యూజరుకి కనీసం రీడ్ పర్మిషన్ కూడా లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో జనం గడీల మీద పడ్డప్పుడు అప్పు పత్రాల్ని వెతికి మరీ తగలబెట్టారు. ధాన్యం పంచుకున్నారు, కాగితం కాల్చారు. తమని కట్టేసింది ఆ కాగితమే అని వాళ్ళకి అర్థమైంది గనక. డేటా సెక్యూరిటీ గురించి ఇంతకంటే సూటైన పాఠం నాకు ఏ ట్రైనింగులోనూ దొరకలేదు.

తర్వాత 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. ఇప్పటికీ తెలంగాణలో భూమి తగాదా కోర్టుకెక్కితే వెనక్కి వెనక్కి పోయి దాని దగ్గర ఆగుతారు. డెబ్బై ఏళ్ళు నిలిచిన బ్యాకప్ అన్నమాట! 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో పటేల్, పట్వారీ, కరణం వ్యవస్థ మొత్తం ఒక్క దెబ్బతో తీసేసింది. రైతులు సంబరపడ్డారు. కానీ దఫ్తరాలు అన్నీ తిరిగి రాలేదని ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సర్వీసు మూసేసేటప్పుడు డేటా ఎక్స్‌పోర్టు చేసుకోవాలన్న సంగతి గవర్నమెంటుకి కూడా కష్టపడే తెలిసొచ్చింది.

ఇక కంప్యూటర్ల యుగం. 1998లో చంద్రబాబు హయాంలో 'కార్డ్' అని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్ని కంప్యూటరైజ్ చేశారు. రోజులు పట్టే ఈసీ గంటలో చేతికొచ్చింది. 2011లో మీసేవ వచ్చింది. పహాణీ నకలు కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పని చాలా తగ్గింది. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఒకసారి 1990ల్లో నకలు తెచ్చుకున్న రైతుని అడగాలి.

2017లో తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన, ఆ తర్వాత 2020 అక్టోబరు 29న ధరణి. అంతకు ముందు నెలలోనే వీఆర్వో వ్యవస్థ రద్దు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ ఒకే చోట, నిమిషాల్లో. పని జరిగినవాళ్ళకి అద్భుతం. జరగనివాళ్ళకి? పాత పహాణీలో 'అనుభవదారు' అని ఒక కాలమ్ ఉండేది, పట్టా ఎవరిదైనా భూమ్మీద నిజంగా ఉన్నదెవరో చెప్పేది. ధరణిలో అది లేదు. మైగ్రేషన్లో ఒక కాలమ్ తీసేయడం మనకి ఒక లైను పని. ఊళ్ళో అది ఒక మనిషి మాయమైపోవడం. తప్పు పడితే దిద్దే అధికారం చాలావరకు కలెక్టరు దాకా పోయింది, లేదంటే సివిల్ కోర్టు. పోర్టల్ని ఎవరూ హ్యాక్ చెయ్యలేదు, పాస్‌వర్డు ఎవరూ దొంగిలించలేదు. అయినా రైతు డేటా పోయింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, ప్రయోగాత్మకంగా తీసుకున్న నాలుగు మండలాల్లో మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. అందులో తప్పులు దిద్దడానికీ అప్పీలుకీ తహసీల్దారు, ఆర్డీవో స్థాయుల్లో దారి పెట్టారు. ఇన్నేళ్ళ గోల తర్వాత సారాంశం ఏంటంటే, దాచడం ఎంత ముఖ్యమో దిద్దుకునే దారి ఉండడం అంతే ముఖ్యం.

దొంగతనం సంగతికి వద్దాం. ఇక్కడ హీరో వేలిముద్ర. 1858లో బెంగాల్లోని జంగీపూర్లో విలియం హెర్షెల్ అనే దొర ఒక కాంట్రాక్టు మీద కోనాయ్ అనే వ్యాపారి చేత సంతకం బదులు అరచేతి ముద్ర వేయించుకున్నాడు, రేపు మాట తప్పకుండా. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. అంటే వేలిముద్రతో మనిషిని పట్టుకునే విద్య ముదిరింది మన దేశంలోనే. చదువు రానివాడి సంతకం కాస్తా ఆధార్‌తో అందరి సంతకం అయింది.

2018 జూన్లో బయటపడిన కేసు గుర్తుందా? పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు డౌన్‌లోడ్ చేశాడు. వాటి మీద జనం వేలిముద్రలూ ఉన్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో ఆ వేలిముద్రల్ని అచ్చు తీసి వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. ఎందుకూ అంటే, టార్గెట్ల కోసం! హతవిధీ. ఇందులో పెద్ద హ్యాకింగ్ ఏం లేదు. పారదర్శకత కోసం, సౌకర్యం కోసం పెట్టిన కాగితాన్నే వాడుకున్నాడు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బాహాటంగా కనిపిస్తున్నాయని శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటానే అమ్మకానికొచ్చింది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. బొటనవేలు మార్చుకోగలమా?

చట్టం సంగతి చెప్పాలంటే, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీం కోర్టు గోప్యత ప్రాథమిక హక్కే అంది. 2020 నవంబరులో వ్యవసాయేతర ఆస్తుల యజమానుల ఆధార్, కులం వివరాలు ధరణి కోసం సేకరించడం మీద తెలంగాణ హైకోర్టు 'ఏ చట్టం కింద?' అని అడిగి ఆపింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో రూల్స్ వచ్చాయి, అసలైన బాధ్యతలు అమలయ్యేది ఆ తర్వాత పద్దెనిమిది నెలలకి. అందులో ప్రభుత్వానికి మినహాయింపులు బోలెడు. కాబట్టి చట్టం వచ్చి మన ట్రంకు పెట్టెకి కాపలా కాస్తుందని కూర్చుంటే కుదరదు.

ఇంతకీ నాన్న పెట్టె ఏం చేశాను?

ఒక్కో కాగితాన్నీ పట్టుకుని రెండు ప్రశ్నలు వేసుకున్నాం. ఇది పోతే మళ్ళీ వస్తుందా? ఇది దొంగ చేతికి పోతే నష్టం ఎంత? మళ్ళీ వచ్చేవి, అంటే ఆధార్, మెమోలు, లైసెన్సు లాంటివి డిజీలాకర్లో పెట్టేశాం. ఇచ్చిన శాఖే అందులోకి పంపిన కాపీ ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతుంది కాబట్టి దిగుల్లేదు. నాన్న, అమ్మ ఇద్దరి ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేశాను. అవసరమైనప్పుడు కాసేపు తీసుకోవచ్చు. జిరాక్సు ఇవ్వాల్సొస్తే పూర్తి నంబరు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఇమ్మని చెప్పాను. మళ్ళీ రానివి, అంటే నోటరీ కాగితం, తాతయ్య నకళ్ళు, స్కాన్ చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి, ఒక కాపీ క్లౌడులో, ఒకటి పెన్‌డ్రైవులో హైదరాబాదులో. అసలు కాగితాలు మాత్రం పెట్టెలోనే. పెట్టె మంచం కింద నుంచి అటక మీదకి ఎక్కింది. స్కాన్ చూపిస్తే కోర్టు సరే అంటుందన్న గ్యారంటీ లేదు, అయినా అత్తలా ముద్దైపోయిన కాగితం పట్టుకుని ఏడవడం కంటే నయం కదా.

అంతా అయ్యాక అమ్మ ఒక ప్రశ్న అడిగింది. "నువ్వు అందుబాటులో లేకపోతే అది తెరిచేదెట్లా?" నా దగ్గర జవాబు లేదు. ఇంటిల్లిపాది కాగితాలకి తాళం వేసి తాళంచెవి ఒక్కడే పెట్టుకున్నా. అంటే ఇప్పుడు ఈ ఇంటికి పట్వారీని నేనన్నమాట. సిగ్గేసింది. అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి తెరవడం నేర్పాను, నాలుగు సార్లు వాళ్ళ చేతే తెరిపించాను.

పొద్దున్నే బస్సెక్కే ముందు చూద్దును కదా, నాన్న ఆ పాస్‌వర్డుని ట్రంకు పెట్టె మూత లోపలి వైపు మార్కరుతో పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాడు. తిట్టబోయి ఆగిపోయా. ఆ పెట్టె దాకా వచ్చినవాడికి అసలు కాగితాలే దొరుకుతాయి, ఇంక పాస్‌వర్డుతో పనేముంది?