తేనెరంగు ఇసుక

భీమునిపట్నపు తీరమున నడచినవారు అలలు వెనుదీసిన చోట నల్లని చారలను చూచియే యుందురు. ఆ నలుపు ఇల్మనైటుది. అందు గార్నెటు ఎఱుపును కలసియుండును. మిక్కిలి కొలదిగా, తేనెరంగు రేణువులుగా, మోనజైటు కూడ ఉండును. ఆ కొలదిపాటి దానిని గూర్చియే మేము నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

దీని కథ కొబ్బరిపీచుతో మొదలైనది. 1909లో షోంబర్గు అను జర్మను రసాయనవేత్త తిరువాన్కూరు పీచునకంటిన ఇసుకలో మోనజైటును గుర్తించెను. అవి ఐరోపా వీధులలో గ్యాసుదీపములు వెలుగు దినములు. మన పెండ్లిపందిళ్లలోని పెట్రోమాక్సు లైటు నెఱుగనివారెవరు? దాని మేంటిలు తెల్లగా వెలుగుట థోరియము చలువ. ఆ థోరియము మోనజైటులోనిది. మణవాళకురిచ్చి ఇసుక ఓడలకెక్కినది.

విద్యుద్దీపము వచ్చి గ్యాసుదీపము నార్పినది. కాని 1945 తరువాత థోరియము అణుశక్తికి ముడిసరకుగా గణనకెక్కెను. స్వతంత్రభారతము మోనజైటు ఎగుమతిని నిషేధించి, 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థను స్థాపించినది. 1951లో దేశమున తిండిగింజలకు కటకట ఏర్పడినది. గోధుమల కొఱకు అమెరికాను అర్థించితిమి. అక్కడి కాంగ్రెసులో కొందఱు, గోధుమలకు బదులు మోనజైటు ఏల ఇయ్యరాదని ప్రశ్నించిరి. ఆకలిగొన్నవానితో బేరమన్న నిట్లే యుండును. నెహ్రూ ప్రభుత్వము నిషేధమును సడలింపలేదు. తుదకు జూన్ నెలలో 19 కోట్ల డాలర్ల అప్పుగా గోధుమలకు చట్టమైనది. మరుసటి సంవత్సరమే ఆలువాలో మోనజైటును శుద్ధిచేయు కర్మాగారము ప్రారంభమాయెను.

ఆ నిరాకరణము తప్పని మేమనము. లోపము తరువాతి దశాబ్దములది. థోరియమును భద్రపఱచితిమి, దానితో లభించు విరళమృత్తికలను ఉపేక్షించితిమి. (పేరునకే విరళములు, భూమిలో నంత అరుదు కావు, ఒకదానినుండి ఒకటి వేఱుచేయుటయే కష్టము.) 1980ల తరువాత నియోడిమియము అయస్కాంతములకు గిరాకి పెరిగినపుడు, లోహము తీయుట మొదలు అయస్కాంతమును మలచుట వఱకు గల విద్యయంతయు చైనాలో స్థిరపడినది. 2010లో జపానుకు ఆ సరకు నిలిచినపుడైనను మనము మేలుకొనవలసినది. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులపై ఆంక్షలు విధింపగా మన మోటారువాహనముల కర్మాగారములే దిగులుపడినవి.

మన రాష్ట్రములలో మోనజైటు నిలువలు అత్యధికముగా గలది ఆంధ్రప్రదేశమే. అయినను త్రవ్వుట సులభము కాదు. థోరియము రేడియోధార్మికము గనుక అది అణుశక్తి చట్టమునకు లోబడినది; తీరమునకు వేఱు నిబంధనలు గలవు; ఆ ఇసుకమీదనే జాలరిపల్లెలున్నవి, వలలారవేయుదురు. అన్నిటికి మించి, వేడికి తాళు అయస్కాంతములకు వలయు డిస్ప్రోసియము, టెర్బియము మన ఇసుకలో దాదాపు లేవు. త్రవ్వినను ఆ మేరకు పరదేశముల నడుగక తప్పదు.

2023 మే నెలలో విశాఖపట్టణమున విరళమృత్తికా అయస్కాంతముల కర్మాగారము జాతి కంకితమైనది. దాని సామర్థ్యము సంవత్సరమునకు 3000 కిలోలు. అచట తయారగునవి సమేరియము, కోబాల్టు కలసినవి; విద్యుత్కారుల మోటార్లకు వలయు నియోడిమియము రకము కావు.