బొగ్గు వెంట నడిచిన ఊళ్లు

బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ ఎక్కడుంటారని అడిగితే కొత్తవాళ్లు బెల్లంపల్లి అంటారు. సింగరేణి బొగ్గు కంపెనీలో పనిచేసే వాళ్లెవరూ అలా అనరు. ఆ ఆఫీసు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో, గోలేటి టౌన్‌షిప్‌లో ఉంది. పోనీ, బెల్లంపల్లిని ఆనుకుని ఉన్న శాంతిఖని గనైనా బెల్లంపల్లి ఏరియా కిందికి వస్తుందా అంటే అదీ లేదు, మందమర్రి ఏరియాలోకి పోయింది. రామగుండం సంగతీ ఇంతే. ఆ పేరున్న స్టేషన్‌లో రైలు దిగి పట్టణం ఎక్కడని అడిగితే గోదావరిఖని ఆటో చూపిస్తారు. రామగుండం నగరపాలక సంస్థ ఆఫీసు కూడా గోదావరిఖనిలోనే ఉంది. అంతెందుకు, కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఖమ్మం జిల్లాలోని ఒక ఊరు. అక్కడ కంపెనీ హెడ్డాఫీసు లేదు. ఆ పేరు పెట్టుకున్న మండలానికి కేంద్రం కూడా పక్కనున్న కారేపల్లే.

ఇదంతా ఎవరో పొరపాటున చేసింది కాదు. బొగ్గు పొర ఎటు సాగితే కంపెనీ అటు కదిలింది. దాని వెనకే ఆఫీసులు, దవాఖానలు, బడులు, ఆటస్థలాలు నడిచాయి. పేర్లు మాత్రం పాత చోటనే ఉండిపోయాయి. ఈ ప్రాంతపు గుర్తులనూ సంస్థలనూ వరసగా చూస్తే ఆ కదలికే చరిత్రగా కనిపిస్తుంది.

మొదలు ఇల్లందుది. భద్రాచలం పోయే యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లు అంటుకున్నాయనీ, అలా బొగ్గు సంగతి బయటపడిందనీ ఇక్కడ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, 1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు ఉందని నమోదు చేసిన మాట నిజం. 1886లో లండన్ పెట్టుబడితో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో ఇల్లందులో బొగ్గు పైకి వచ్చింది. డోర్నకల్ నుంచి రైలు పట్టాలు పడ్డాయి. 1920 డిసెంబర్ 23న కంపెనీ 'సింగరేణి కాలరీస్' అని పేరు మార్చుకుంది. ఏటా ఆ రోజున జరిగే సింగరేణి దినోత్సవానికి మూలం ఇదే. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనడంతో కంపెనీ సర్కారుదైంది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం.

పేరు మార్పుకూ నిజాం కొనుగోలుకూ మధ్యకాలంలోనే కంపెనీ మనసు కొత్తగూడెం వైపు మళ్లింది. హెడ్డాఫీసు అక్కడికి తరలింది. ఇల్లందును జనం ఇప్పటికీ 'బొగ్గుట్ట' అంటారు కానీ పెద్దరికం కొత్తగూడెం తీసుకుపోయింది. ప్రకాశం మైదానం, మహిళా కళాశాల, 1970లలో మొదలైన స్కూల్ ఆఫ్ మైన్స్ అక్కడే వచ్చాయి. ఈ చివరిది ఉస్మానియా నీడలో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయం చేతికి మారింది. ఇప్పుడు మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. నన్నడిగితే సింగరేణి నేల మీద పుట్టిన సంస్థల్లో ఎక్కువకాలం నిలిచేది ఇదే. బొగ్గు అయిపోయినా దానికి పని ఉంటుంది.

ఉత్తరాన బెల్లంపల్లికి దారి తెరిచింది రైలు. కాజీపేట, బల్లార్షాల మధ్య పట్టాలు 1920ల చివర్లో పూర్తవుతూనే తాండూరు, బెల్లంపల్లి ప్రాంతపు బొగ్గుకు గిరాకీ వచ్చింది. ఒకప్పుడు అడవిగా ఉన్న చోట బస్తీలు పెరిగాయి. తిలక్ మైదానం, కంపెనీ దవాఖాన, పవర్‌హౌస్ వచ్చాయి. మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. కళ్యాణిఖని, రవీంద్రఖని, ఇందారంఖని అని గనులకు పేర్లు పెట్టినా, కార్మికుల నోట అవి కేకే, ఆర్కే, ఐకే అయిపోయాయి. రవీంద్రఖనికి మాత్రం రైల్వే స్టేషన్ రూపంలో పూర్తి పేరు దక్కింది.

ఇక గోదావరిఖని. ఈ పట్టీలో మొదట నగరమనిపించుకున్నది అదే. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పక తప్పదు.

1960కి అటూ ఇటూ గోదావరి ఒడ్డున గనులు తెరిచే నాటికి అక్కడ జనగామ లాంటి చిన్న పల్లెలు, చుట్టూ అడవి ఉన్నాయి. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి జనం దిగారు. గని మీద గని పడింది. వాడలకు వేరే పేర్లు వెతుక్కునే తీరిక లేకపోయిందేమో, గని నంబరే వాడ పేరైంది. ఫైవ్ ఇంక్లైన్, యైటింక్లయిన్ కాలనీ అని బస్సుల మీద, దుకాణాల బోర్డుల మీద, పెళ్లి పత్రికల మీద కూడా కనిపిస్తాయి. గని మూతపడినా ఆ నంబరు పోలేదు.

గని దగ్గర చూడాల్సింది ముఖద్వారం కన్నా ముందు ల్యాంపు రూం. మొదటి షిఫ్టుకు వచ్చిన కార్మికుడు మస్టర్ వేయించుకుని, తన నంబరున్న క్యాప్‌ల్యాంపు తీసుకుని, బ్యాటరీ నడుముకు కట్టుకుంటాడు. దారిలో మైసమ్మకు దండం పెట్టి, వాలుగా గనిలోకి పోయే ఇంక్లైన్ దిగుతాడు. షిఫ్టు దిగిపోయాక ల్యాంపులన్నీ చార్జింగ్ గడుల్లోకి తిరిగి రావాలి. ఒక్క గడి ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కింద ఉన్నట్టు. ఆ గది ఎన్నో ఇళ్ల గుండెలు పట్టుకున్న చోటు. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది తిరిగి రాలేదు. ఆ పేరు వింటే ఊరు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

బొగ్గు ఉన్నచోటికి మిగతా పరిశ్రమలు తామే వచ్చాయి. 1971లో 62.5 మెగావాట్ల 'బి' థర్మల్ స్టేషన్ నడక మొదలుపెట్టింది. 1978 నవంబర్ 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ ఎన్టీపీసీకి పునాదిరాయి వేశారు. 1983లో తొలి యూనిట్ వెలిగి, చివరికి 2,600 మెగావాట్లకు చేరింది. బొగ్గుతో యూరియా చేయాలని ఎఫ్‌సీఐ కర్మాగారం 1980లో వచ్చింది. ఎవరి టౌన్‌షిప్ వాళ్లదే, ఎవరి బడి వాళ్లదే, ఎవరి దవాఖాన వాళ్లదే. ఎన్టీపీసీకి జ్యోతినగర్, ఎఫ్‌సీఐకి గౌతమినగర్. ఊరంతా కలిసి కూర్చునే చోటు మాత్రం గోదావరిఖని చౌరస్తా ఒక్కటే.

కంపెనీ టౌన్‌షిప్‌కు ఒక సుగుణం, ఒక రోగం. క్వార్టర్, నీళ్లు, కరెంటు, దవాఖాన, సూపర్ బజార్ అన్నీ కంపెనీవే కాబట్టి కార్మికుడికి లోటు తెలియదు. ఆ కంపెనీ తలుపు మూస్తే ఏమవుతుందో గౌతమినగర్ చూపించింది. 1999లో ఎఫ్‌సీఐ ఆగిపోగానే క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, బడులు బోసిపోయాయి. 2016 ఆగస్టు 7న కొత్త ఎరువుల కర్మాగారం ఆర్‌ఎఫ్‌సీఎల్‌కు శంకుస్థాపన జరిగి, 2021లో ఉత్పత్తి మొదలయ్యాకే అక్కడ మళ్లీ వెలుగు వచ్చింది. 'బి' థర్మల్ స్టేషన్ 2024లో ఆగిపోయింది. దాని చిమ్నీని చూసి దూరం నుంచే 'మన ఊరొచ్చింది' అనుకున్న తరం ఒకటుంది.

కంపెనీ ఇచ్చినవి కాక కార్మికులు తామే కట్టుకున్న సంస్థ యూనియన్. నిజాం కాలంలో, 1940లలో, దేవూరి శేషగిరి, మనుబోతుల కొమరయ్య లాంటి వాళ్లు దానికి పునాది వేశారు. అందులో శేషగిరి సాయుధ పోరాట కాలంలో ప్రాణమిచ్చాడు. 1981లో ఒక్కరోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద 56 రోజుల సమ్మె సాగింది. ఆ వేడిలోనే సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. ఆ తర్వాతి పదిహేనేళ్లు సమ్మెలు, తుపాకులు, నిషేధాలు, ఎన్‌కౌంటర్లతో నడిచాయి. ఆ కాలం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంది, ఒక వ్యాసంలో తేలేది కాదు. 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. 2011లో సకల జనుల సమ్మెలో సింగరేణి 35 రోజులు ఆగింది. 2012లోనూ 2017లోనూ తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచింది. 2023 డిసెంబర్ 27న ఏఐటీయూసీ మళ్లీ గుర్తింపు తెచ్చుకుంది.

ఆ ఓటర్ల జాబితాయే అసలు మార్పు చెబుతుంది. 1990 ప్రాంతంలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు సుమారు నలభై వేలు. 1975లో రామగుండంలో తొలి ఓపెన్‌కాస్ట్ తెరిచిన రోజునే ఈ లెక్క మొదలైందనాలి. తట్టా చెమ్మస్ పట్టిన కోల్ ఫిల్లర్ చేసే పని షావెల్, డంపర్ చేస్తున్నాయి. అవి నడపడానికి ఊరంత మంది అక్కర్లేదు. పైగా ఓపెన్‌కాస్ట్‌కు ల్యాంపు రూం ఉండదు, ఇంక్లైన్ ముఖద్వారం ఉండదు. పెద్ద గొయ్యి, పక్కన మట్టిగుట్ట ఉంటాయి. ఒకప్పుడు చిమ్నీని చూసి ఊరిని గుర్తుపట్టేవాళ్లు, ఇప్పుడు ఆ మట్టిగుట్టను చూసి గుర్తుపడుతున్నారు.

గోలేటి ఈ కథలో చివరి అంకం. ప్రధాన రహదారి మీది గోలేటి క్రాస్ రోడ్డు దగ్గర దిగి లోపలికి పోతే టౌన్‌షిప్ వస్తుంది. జీఎం ఆఫీసు, క్వార్టర్లు, సింగరేణి బడి, సీఈఆర్ క్లబ్, భీమన్న పేరిట మైదానం ఉన్నాయి. ఆ పేరు చూడగానే నాకు కొంచెం సంతోషం. మిగతా చాలా చోట్ల మైదానాలకు జాతీయ నాయకుల పేర్లు పడ్డాయి. ఇక్కడ మాత్రం ఆదివాసులు కొలిచే దేవుడి పేరు పడింది. కంపెనీ కన్నా ముందు ఈ నేల ఎవరిదో ఆ బోర్డు ఒక్కటైనా గుర్తు చేస్తుంది. మాఘ పౌర్ణమికి గంగాపూర్ బాలాజీ జాతరకు పోయే జనంలో సగం టౌన్‌షిప్ వాళ్లు, సగం పల్లెల వాళ్లు. ఆ రెండు లోకాలు కలిసే రోజు అదే.

గోలేటి 1, 1ఎ ఇంక్లైన్ల మీద ఈ టౌన్‌షిప్ నిలబడింది. అవి ఆగిపోయాయి. డోర్లి ఓపెన్‌కాస్టులు వచ్చి పోయాయి. ఖైరిగూడ ఓపెన్‌కాస్ట్ ఏరియాను మోస్తూ వచ్చింది. పాత ఇంక్లైన్ల బొగ్గును పైనుంచి తవ్వే గోలేటి ఓపెన్‌కాస్ట్ ప్రతిపాదన మీద ఊరి ఆశలున్నాయి. కొత్త గని రాకపోతే జీఎం ఆఫీసు కూడా లేచిపోతుందేమోనన్న భయం టీ కొట్టు దగ్గర మాటల్లో వినిపిస్తుంది. ఇల్లందు, బెల్లంపల్లి చూసినవాళ్లకు ఆ భయం ఊరికే పుట్టలేదు.

ఇలాంటి ఊళ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. కెనడా ప్రెయిరీ మైదానంలో, అల్బర్టా రాష్ట్రంలో లెత్‌బ్రిడ్జ్ అనే నగరముంది. అది కూడా లండన్ పెట్టుబడితో 1882లో పుట్టిన బొగ్గు కంపెనీ కట్టిన ఊరే. ఆ కంపెనీ అధ్యక్షుడి పేరే ఊరి పేరు. కంపెనీని నడిపిన గాల్ట్ కుటుంబం పేరు మీద దవాఖాన, తోట వచ్చాయి. 1909లో నది లోయ మీద కిలోమీటరున్నరకు పైగా పొడవైన ఉక్కు రైలు వంతెన లేచింది. 1950లు ముగిసేసరికి అక్కడ బొగ్గు పని దాదాపు అయిపోయింది. ఊరు మాత్రం అయిపోలేదు. 1967లో విశ్వవిద్యాలయం వచ్చింది, గాల్ట్ దవాఖాన భవనం మ్యూజియం అయింది, తోట నగరానికి నడిబొడ్డున పార్కుగా ఉంది. చుట్టూ గోధుమ పొలాలు, రైలు కూడలి ఉండటం ఆ ఊరికి కలిసొచ్చిన మాట నిజమే. గోలేటికి అంత అదృష్టం లేదు. అయితే కంపెనీ కట్టినవాటిని కంపెనీ పోకముందే జనం సొంతం చేసుకోవడంలో మాత్రం అదృష్టం పాత్ర తక్కువ.

గోదావరిఖనిలో ఆ దారి కొంత పడింది. 2022లో రామగుండానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దానికి సింగరేణి డబ్బిచ్చింది, పేరు కూడా సింగరేణిదే పెట్టారు. బొగ్గు సొమ్ము బొగ్గు తర్వాత కూడా నిలిచే సంస్థగా మారిన మంచి ఉదాహరణ అది. అదే ఏడాది చివర్లో ఆర్టీసీ 'సింగరేణి దర్శన్' బస్సు వేసి, మూతపడిన భూగర్భ గనిని కూడా చూపించింది. హైదరాబాద్ వాళ్లు డబ్బు కట్టి గని దిగడం చూసి ముప్పై ఏళ్లు దిగిన పెద్దమనుషులు నవ్వుకుని ఉంటారు. నవ్వినా, అది జరగాల్సిన పనే.

గోలేటి కోసం అడిగేది పెద్దదేం కాదు. కొత్త ఓపెన్‌కాస్ట్ తవ్వకం పాత ఇంక్లైన్ల దాకా రాకముందే ఒక ముఖద్వారాన్ని, ఒక ల్యాంపు రూంను, మస్టర్ రిజిస్టర్లను కంపెనీ పక్కకు తీసి కాపాడాలి. వాటిని టౌన్‌షిప్ బడిలోనో క్లబ్బులోనో జనం చూసేలా ఉంచాలి. రిటైరై మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్‌లలో స్థిరపడ్డ కార్మిక కుటుంబాల ఇళ్లలో పాత జీతం చీటీలు, యూనియన్ కరపత్రాలు, గని ఫొటోలు ఇనప్పెట్టెల అడుగున ఉంటాయి. క్వార్టర్ ఖాళీ చేసినట్టు వాటిని కూడా చెత్తకు వేయకండి, మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.