మక్కికి మక్కి: సి భాషలో మాక్రోలు, స్థిరాంకములు

పూర్వము ఒక లేఖకుడు తాటాకు గ్రంథమునకు నకలు వ్రాయుచుండెనట. మూలములో ఒకచోట ఈగ అతుక్కొని చచ్చియుండగా, తానును ఒక ఈగను చంపి, తన ప్రతిలో సరిగా అదే తావున అంటించినాడట. ‘మక్కికి మక్కి’ అను పలుకుబడికి మన పెద్దలు చెప్పు కథ ఇది. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుటకు ఉపయోగించు సి భాష చరిత్రలోను ఇట్టి లేఖకు డొకడున్నాడు. అతని పేరు ప్రీప్రాసెసర్. అతడు చేసిన మేలును, తెచ్చిన చిక్కులను, అతని చేతినుండి కొంత పని తప్పించుటకు జరిగిన యత్నములను నేడు ముచ్చటించుకొందము.

సి భాషను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969-73 సంవత్సరముల మధ్య డెనిస్ రిచీ రూపొందించినారు. ఆనాటి యంత్రములకు స్మృతి మిక్కిలి స్వల్పము. 1971 ప్రాంతమున యూనిక్స్ నడచిన పీడీపీ-11 యంత్రమునకు ఉన్నది 24 కిలోబైట్లు మాత్రమే. భాష పుట్టినప్పుడు ప్రీప్రాసెసర్ లేదు. 1972-73 ప్రాంతమున అలన్ స్నైడర్ ప్రోద్బలముతో అది వచ్చి చేరినది. మొదట దానికి రెండే పనులు: ఒక ఫైలును మరొకదానిలో చేర్చుట, ఒక పేరు కనిపించిన ప్రతిచోట, ముందుగా చెప్పియుంచిన పాఠమును దానికి బదులుగా ఉంచుట. ఈ రెండవదానినే మాక్రో అందురు. తరువాత మైక్ లెస్క్, జాన్ రైజర్ దీనిని విస్తరించినారు.

మాక్రో వలని లాభము స్పష్టము. 1978లో కెర్నిహాన్, రిచీ ప్రకటించిన సి భాషాగ్రంథమున ఉష్ణోగ్రతల పట్టిక యొకటి యున్నది. అందు 0, 300, 20 అను అంకెలకు లోయర్, అప్పర్, స్టెప్ అని పేర్లిచ్చినారు. అంకె ఏమి చెప్పుచున్నదో చదువరికి తెలియును. మార్పు కావలసినచో ఒక్కచోట మార్చిన చాలును. పేరు కొరకు స్మృతిలో వేరుగా స్థలమును అక్కరలేదు.

అయితే లేఖకునకు లెక్క రాదు. ‘వెడల్పు’ అనగా ‘3 + 2’ అని అతనికి చెప్పితిమనుకొందము. వెడల్పును 2తో గుణింపుమన్నచో మనము ఆశించునది 10, వచ్చునది 7! అతడు వెడల్పునకు బదులు ఆ మూడు గుర్తులను ఉన్నవున్నట్లుగా వ్రాయును. గుణకారము ముందు జరుగును గనుక 3కు 4 కలిసి 7 అగును. కుండలీకరణములుంచిన ఈ తప్పు తొలగును. కాని ఉంచవలెనని మనిషి జ్ఞాపకముంచుకొనవలెను. వేరొక చిక్కు కలదు. అతనికి ఎల్లలు తెలియవు. ఒక భాగము కొరకు పెట్టిన పేరు, ఆ ఫైలులో అటుపిమ్మట ఎక్కడ కనిపించినను, వేరొకరు వేరొక అర్థమున వాడుకొన్నను, మారిపోవును. భాషను పరిశీలించు కంపైలర్ అసలు పనికి దిగునప్పటికి పేరు పోయి అంకె మిగులును. తప్పు వెదకువానికి ఆ అంకె ఎక్కడిదో ఒక పట్టాన తెలియదు.

ఈ లోపమును తీర్చుటకు పూనుకొన్నవారిలో బ్యార్నే స్ట్రౌస్ట్రప్ ముఖ్యులు. 1979లో అదే బెల్ ప్రయోగశాలలో ఆయన ప్రారంభించిన భాషకు 1983లో సి ప్లస్ ప్లస్ అను పేరు వచ్చినది. విలువ మారరాదని చెప్పుటకు ఆయన మొదట ‘రీడ్‌ఓన్లీ’ అను మాటను తలపెట్టినారు. తుదకు నిలిచినది ‘కాన్‌స్ట్’. ఇట్టి స్థిరాంకమునకు రకము కలదు, ఎల్ల కలదు, కంపైలర్ దానిని ఎరుగును.

1989 నాటి అమెరికా ప్రమాణము ‘కాన్‌స్ట్’ను సి భాషలోనికిని తెచ్చినది. కాని ఇచట ఒక సూక్ష్మ మున్నది. సి ప్లస్ ప్లస్‌లో ముందే తెలిసిన పూర్ణాంకము ‘కాన్‌స్ట్’ అయినచో దానితో పట్టిక పరిమాణమును నిర్ణయింపవచ్చును. సి భాషలో ఆ మాటకు ‘ఈ పేరుతో విలువను మార్చకుము’ అని మాత్రమే అర్థము. ‘విలువ ముందుగానే తెలియును’ అని కాదు. అందుచేత సి రచయితలు అనేక సందర్భములలో మాక్రోనే, లేదా ‘ఈనమ్’ను ఆశ్రయించవలసివచ్చినది. 2011లో సి ప్లస్ ప్లస్‌నకు ‘కాన్‌స్ట్‌ఎక్స్‌పర్’ లభించినది. 2024లో వెలువడిన ప్రమాణము అదే మాటను, పరిమితరూపమున, సి భాషకును ఇచ్చినది. చిన్న కోరిక తీరుటకు అర్ధశతాబ్ది పట్టినది!

ఇంతమాత్రమున లేఖకుని పని ముగియలేదు. యంత్రమును బట్టి కొంత పాఠమును ఉంచుట, కొంత తీసివేయుట నేటికిని అతని వంతే. నకలు పనికి లేఖకుని పిలువవచ్చును. విలువకు పేరు పెట్టునప్పుడు మాత్రము, ఆ పేరు అర్థమెరిగిన కంపైలరునకు అప్పగించుట మేలు.